లంగరు లెక్క

ఈ శీర్షికలో మామూలుగా డిపాజిట్లు, నామినేషన్లు, వీలునామాల సంగతులు రాస్తుంటాను. ఈసారి పడవ గురించి రాస్తున్నానని నవ్వుకోకండి. ఇందులోనూ ఉన్నవి జమాఖర్చులే. పైగా ఒక సంతకం వ్యవహారం కూడా ఉంది.

మా అక్క కొడుకు పదిహేడేళ్ళు సరుకుల ఓడల్లో ఇంజనీరుగా చేశాడు. 2023లో ఉద్యోగానికి దణ్ణం పెట్టి, టర్కీలో ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. పొడవు 38 అడుగులు. భార్యనీ తొమ్మిదేళ్ళ కూతుర్నీ తీసుకెళ్ళి అందులోనే కాపురం పెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. 2024 వేసవిలో, మల్లేశ్వరంలోని ఫ్లాటు అమ్మేద్దామని తల్లికి కబురు పెట్టాడు. అది ఇద్దరి పేరా ఉంది. "నువ్వు వెళ్ళి చూసి రారా తమ్ముడూ. నువ్వు పెట్టమంటే సంతకం పెడతాను. వీలైతే పిల్లని వెంటబెట్టుకు రా, బడిలో వేద్దాం" అంది అక్క. సెప్టెంబరులో పది రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

అప్పటికి వాళ్ళు గ్రీసు దేశానికి పడమటి వైపు, అయోనియన్ సముద్రంలో ఉన్నారు. ప్రెవెజా ఊళ్ళో పడవ ఎక్కాను. లెఫ్కాదా, ఇథాకా, కెఫలోనియా దీవుల మధ్య తిరిగాం. అక్కడి సముద్రం పొద్దున పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. మధ్యాహ్నం వాయవ్యం నుంచి గాలి లేస్తుంది, చీకటి పడ్డాక తగ్గుతుంది. తెరచాప విప్పేది ఆ నాలుగైదు గంటలే. 1953 భూకంపంలో కెఫలోనియా చాలావరకు నేలమట్టమైతే ఉత్తరపు కొసన ఫిస్కార్డో ఒకటి నిలబడింది. ఆ పాత ఇళ్ళ ముందే పడవ వెనక భాగాన్ని గట్టుకి దగ్గరగా కట్టి, చెక్క పలక వేసుకుని దిగాం. ముంబై పాఠకులకి ఇది వింతగా ఉండొచ్చు. అక్కడ పోటుకీ పాటుకీ తేడా నాలుగు మీటర్లు దాటుతుంది. మధ్యధరాలో చాలాచోట్ల జానెడు, మూరెడు.

ఫోటోల్లో కనిపించేది ఇంతవరకే. లోపలి సంసారం వేరు. మంచినీళ్ళ ట్యాంకు 300 లీటర్లు. నలుగురం. స్నానం సముద్రంలో, ఆ తర్వాత ఒంటి మీద ఉప్పు పోవడానికి రెండు చెంబులు మంచినీళ్ళు. గిన్నెలు ముందు ఉప్పునీళ్ళలో తోమి, ఆఖర్న మంచినీళ్ళతో తొలుస్తారు. కరెంటు సోలార్ పలకలది. మబ్బు పడితే మిక్సీ ఆడదు, ఆ రోజు చట్నీ లేదు. పొయ్యి మాత్రం నాకు భలే నచ్చింది. దాన్ని రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడదీశారు. పడవ ఎటు ఒరిగినా పొయ్యి నిటారుగానే ఉంటుంది, పులుసు ఒలకదు.

ఇక నా రంగంలోకి వస్తాను. పడవ ధరలో పదోవంతు ఏటా మరమ్మతులకే పక్కన పెట్టాలట. 2019 నుంచి గ్రీసు పడవ పొడవుని బట్టి పన్ను కూడా తీసుకుంటోంది. ఇల్లయితే ఏళ్ళు గడిచినకొద్దీ ధర పెరుగుతుందని ఆశ పెట్టుకోవచ్చు, పడవకి తరుగుదల తప్ప ఇంకేం రాదు. కాగితాల తమాషా మరొకటి. యూరోపియన్ యూనియన్ బయట రిజిస్టరై, బయటి యజమానికే చెందిన పడవ వ్యాట్ కట్టకుండా 18 నెలలు అక్కడ ఉండొచ్చు. అందులో కాపురముండే మనిషికి మాత్రం షెంజెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే! 2023లో క్రొయేషియా కూడా షెంజెన్‌లో చేరిపోయాక, ఆ మిగతా రోజులు గడపడానికి ఒక రేవు తగ్గింది. మావాళ్ళు జులై 12న ప్రవేశించారు. అక్టోబరు 9 ఆఖరి రోజు. ఆలోగా పడవని ప్రెవెజా దగ్గర గట్టెక్కించి, ఊతకర్రల మీద నిలబెట్టి రావాలి.

ఆరో రాత్రి ఇథాకాలో ఒక చిన్న కోవలో లంగరు వేశాం. లోతు ఎనిమిది మీటర్లు, వదిలిన గొలుసు నలభై. లంగరు ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు. అడుగున పోసిడోనియా అనే గడ్డి ఉంటుంది, మధ్యధరాలో తప్ప ఎక్కడా పెరగదు. లంగరు దానిలో సరిగా దిగదు, పైగా గడ్డిని పెళ్ళగిస్తుంది. ఇబిజా వైపు దీవుల్లో ఆ గడ్డి మీద లంగరు వేయడాన్ని 2018లో నిషేధించారు. నీళ్ళ రంగు తేలిగ్గా కనిపించే ఇసక మచ్చ చూసి వేయాలి. మావాడు అలాగే వేశాననుకున్నాడు.

రాత్రి రెండున్నరకి ఫోను మోగింది. లంగరు జారితే మోగేలా పెట్టుకున్న గంట అది. కొండ మీంచి గాలి విసిరి కొడుతోంది, రాళ్ళు దగ్గరికొస్తున్నాయి. మావాడు ఇంజను దగ్గర, కోడలు ముందుభాగంలో గొలుసు దగ్గర. నేను ఏదో సాయం చేద్దామని పరుగెత్తాను. "తాతయ్యా, గొలుసు మీద కాలు పెట్టకు! అక్కడే కూచో!" అని అరిచింది పిల్ల. టార్చి చేతిలో కదలకుండా పట్టుకుంది. కూచున్నాను. 2022 ఆగస్టు 18న కోర్సికా దీవిలో హెచ్చరిక వచ్చేసరికే గంటకి 220 కిలోమీటర్లు దాటిన గాలి వచ్చేసిందని, ఎన్నో పడవలు ఒడ్డుకి కొట్టుకుపోయాయని అంతకుముందు సాయంత్రమే మావాడు కబుర్లలో చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేదనుకున్నాను. మూడోసారికి లంగరు పట్టింది. ఎవరూ మళ్ళీ పడుకోలేదు.

తెల్లవారాక పిల్ల ఒక పుస్తకం తీసి రాస్తూంటే తొంగి చూశాను. టైము, గాలి, ఇంజను నడిచిన గంటలు, మంచినీళ్ళ నిల్వ, అన్నీ తెలుగులోనే. రోజువారీ నిల్వ సరిపోతోందా అని అలవాటు కొద్దీ కూడి చూశాను. ఒక్కచోటా తేడా లేదు. మా బ్రాంచిలో కొత్తగా చేరినవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా రాయరు. కానీ ఆ సాయంత్రమే రేవు గట్టు మీద పిల్లలు బంతాట ఆడుతూంటే, పడవ కమ్మీకి గడ్డం ఆనించి చాలాసేపు చూసింది. "వెళ్ళి ఆడుకోమ్మా" అన్నాను. "రేపు మనం వెళ్ళిపోతాంగా" అంది.

ఆ మాట నా లెక్కల్లో ఏ పద్దు కింద రాయాలో తేలక మిగతా నాలుగు రోజులూ గడిపాను. గాలి గురించీ లంగరు గురించీ వాళ్ళకి నాకన్నా ఎక్కువే తెలుసు. నా భయం వేరు. ఫ్లాటు డబ్బంతా నీళ్ళ మీదికి చేరాక, ఒక రాత్రి లంగరు పట్టకపోతే వీళ్ళు ఏ గుమ్మం ఎక్కుతారు? మావాడితో అదే అన్నాను. "మావయ్యా, నువ్వు బ్యాంకు మనిషివి" అని విసుక్కున్నాడు. కోడలు మాత్రం గిన్నెలు తోముతూ, "మావయ్యగారు చెప్పింది నాకూ అనిపిస్తోంది" అంది. వాడు మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం నుంచి అక్కకి ఫోను చేశాను.

"సంతకం పెట్టొద్దక్కా. అద్దెకివ్వు. అద్దె డబ్బు వాళ్ళకే పంపు."

"వాడికి కోపం వచ్చిందా?"

"వచ్చింది."

"పిల్లో? వెంట తెస్తున్నావా?"

"లేదు. అక్టోబరు 9 లోపు ముగ్గురూ వస్తారు. వీసా రోజులు అయిపోతాయి."

అటు కాసేపు చప్పుడు లేదు. "వస్తే ఎన్నాళ్ళుంటుందిరా?"

"తక్కువలో తక్కువ తొంభై రోజులు" అన్నాను.