నలభై మూడు మీటర్ల గ్యాలరీ

మొన్న సెలవులకు గోదావరిఖని వెళ్ళినప్పుడు మా అన్నయ్య కూతురు పదో తరగతి లెక్కల నోటుపుస్తకం ముందేసుకుని కూర్చుంది. వర్గ సమీకరణాలు. ఇరవై లెక్కలు హోంవర్కు. ఇరవైకి ఇరవై మధ్యపదాన్ని విడగొడితే ముచ్చటగా విడిపోయేవే. మొత్తం ఇంత, లబ్ధం ఇంత. ఆ రెండు సంఖ్యలేవో ఊహించు. అమ్మాయి చకచకా ఊహిస్తోంది. పక్కనే మా నాన్న, భూగర్భ గనిలో ముప్పై ఏళ్ళు చేసి దిగిపోయిన మనిషి, ఆ పుస్తకాన్ని చూసీ చూడనట్టు కూర్చున్నాడు.

ఆ చూపు నాకు కొత్తది కాదు. నా చిన్నతనంలో సెకండ్ షిఫ్టు ముగించుకుని ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటేది. అప్పటికీ నేను లెక్కలతో కుస్తీ పడుతుంటే "సారును అడుగు బిడ్డా, నాకేం దెలుస్తది" అని స్నానానికి వెళ్ళిపోయేవాడు. ఆ మాట నిజం కాదని నాకు తెలియడానికి పాతికేళ్ళు పట్టింది. నా ఫిర్యాదంతా ఆ పాతికేళ్ళ గురించే.

బొగ్గు పొరలో నిలువుగా, అడ్డంగా గ్యాలరీలు తవ్వుకుంటూ పోతారు. నడుమ మిగిలిన చదరపు దిమ్మెలే పిల్లర్లు; పైకప్పును మోసేవి అవే. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి అంటే ఇంతే. గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు దాటరాదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు చెప్పాయి. సర్వే వాళ్ళు కప్పుకు వేసిన తెల్లగీతను చూసి వెడల్పు తప్పిందో లేదో చెప్పగలిగేవాడు మా నాన్న. ఆ అంచనా తప్పితే పోయేది మార్కులు కాదు మరి.

ఇప్పుడొక లెక్క. పిల్లరు నడిమి నుంచి పక్క పిల్లరు నడిమికి 24 మీటర్లు. మొదటి విడతలో నూటికి 36 పాళ్ళ బొగ్గు తీయాలి. గ్యాలరీ ఎంత వెడల్పుండాలి? వెడల్పును 'వె' అందాం. పిల్లరు భుజం 24 − వె. ఒక్కో పిల్లరు వాటా 576 చదరపు మీటర్లు; అందులో నూటికి 64 పాళ్ళు, అంటే 368.64, నిలిచి ఉండాలి. బడి అలవాటు ప్రకారం విప్పి రాస్తే వె² − 48వె + 207.36 = 0 అవుతుంది. ఇక విడగొట్టండి చూద్దాం! 207.36 అనగానే మా అమ్మాయి పెన్ను ఆగిపోయింది. విప్పకుండా ఉంచితే (24 − వె)² = 368.64. వర్గమూలం 19.2. పని అయిపోయింది.

వర్గాన్ని పూర్తి చేసి మూలం తీయడమే శ్రీధరాచార్యుడు చెప్పిన దారి. ఆయన బీజగణిత గ్రంథం మనకు దక్కలేదు. 12వ శతాబ్దంలో రెండవ భాస్కరుడు ఉటంకించబట్టి ఆ సూత్రమైనా మిగిలింది. అందులో ఊహకు తావు లేదు, సంఖ్యలు ముచ్చటగా ఉండనక్కర్లేదు. పిల్లలు బట్టీ పట్టే సూత్రం కూడా దాని సంతానమే. పాఠ్యపుస్తకంలో ఈ పద్ధతి లేకపోలేదు, హోంవర్కులోనే ఉండదు. విడగొట్టడం త్వరగా అవుతుంది, దిద్దడం తేలిక అంటారు ఉపాధ్యాయులు. ఒప్పుకుంటాను. కానీ దిద్దేవాడి తేలిక కోసం ఎంచిన లెక్కల్లో గని ఎక్కడా కనబడదు, గని ఎరిగిన తండ్రి కూడా కనబడడు.

సింగరేణి బొగ్గులో ఇప్పుడు అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుదే, ఈ పిల్లర్ల గొడవ ఎవరికి కావాలి అనవచ్చు. ప్రవాహానికి ఎదురీదే పడవ లెక్కలు చేసే మా ఖని పిల్లల్లో పడవెక్కిన వాళ్ళెందరు?

సుద్దముక్కతో గచ్చు మీద దిమ్మెలు గీశాను. అమ్మాయి రెండు మూలాలూ రాసింది: 4.8, 43.2. "రుణ మూలాన్ని కొట్టెయ్యమన్నారు, ఇక్కడ రెండూ ధనమే కదా బాబాయ్, ఏది రాయాలి?" అంది. నేను నోరు తెరవకముందే మా నాన్న ముందుకు వంగాడు.

"ఇరవై నాలుగు మీటర్ల జాగల నలభై మూడు మీటర్ల గ్యాలరీ ఎట్ల గొడ్తరు బిడ్డా? పిల్లరేడుంటది?"

తర్వాత నా చేతిలోని సుద్దముక్క తీసుకుని, నేను వంకరగా గీసిన మూలమలుపులు చెరిపి మళ్ళీ గీశాడు.