వాడ నుంచి ఉత్తరం – 17: ‘జై భీమ్’ డిలీట్ చేస్తే ఉద్యోగం వస్తుందా?



ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైంది. కాలేజీ సెమినార్ హాళ్ళలో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, యూట్యూబ్‌లో ఒకటే పాట: నిన్ను నువ్వు బ్రాండ్ చేసుకో. లింక్డిన్‌లో ఫొటో మార్చు, హెడ్‌లైన్ మార్చు, రోజుకో పోస్టు పెట్టు, రిక్రూటర్ నిన్ను వెతుక్కుంటూ వస్తాడు. ఈ మాటలు అమ్ముకునేవాళ్ళ మీద నాకు పెద్ద కోపం లేదు, ఎవరి పొట్టకూటి గోల వాళ్ళది. నా కోపమంతా ఆఖరి స్లైడు మీద. వివాదం వచ్చే పోస్టులు తీసేయండి, రాజకీయం, కులం కనపడనివ్వకండి, రిక్రూటర్ కంటికి ‘న్యూట్రల్’గా ఉండండి అని ఉంటుంది అందులో.

ఆ స్లైడు చూసినప్పటి నుంచి పిల్లలు నా ఇన్‌బాక్స్ నింపేస్తున్నారు. అన్నా, అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లో జాయింట్ సెక్రటరీగా చేశాను, రెజ్యూమెలో రాయాలా వద్దా? అన్నా, ప్రొఫైల్ ఫొటోలో నా వెనక బాబాసాహెబ్ బొమ్మ ఉంది, క్రాప్ చేసుకోమంటున్నారు. ఒక చెల్లి అయితే, ఏప్రిల్ 14 పోస్టులన్నీ డిలీట్ చేశానన్నా, తప్పా అని అడిగింది.

తప్పు కాదమ్మా. ఇంటి దగ్గర అప్పు, తమ్ముడి చదువు, నాన్న నడుము నొప్పి అన్నీ నీ మొదటి జీతం కోసం చూస్తున్నాయి. నిన్ను నిలదీసే హక్కు నాకు లేదు. నీ చేత డిలీట్ చేయించిన వాళ్ళను నిలదీసే హక్కు మాత్రం మనందరికీ ఉంది.

అసలు న్యూట్రల్ అంటే ఏమిటి? నీ క్లాసులోనే ఇంకొకడి ప్రొఫైల్ తెరిచి చూడు. పేరు చివర రెడ్డి, చౌదరి, శర్మ ఏదో ఒకటి దర్జాగా ఉంటుంది. కార్తీక మాసం కుల వనభోజనాల ఫొటో ఉంటుంది. దాన్ని క్రాప్ చేయమని వాడికి ఏ ట్రైనరూ చెప్పడు. అది సంస్కృతి, అది నెట్‌వర్కింగ్. మనం జయంతి రోజు నీలం కండువాతో ఫొటో పెడితే మాత్రం కులం కనపడుతుంది! వాళ్ళ కులం గాలిలాంటిది, మన కులం వాసన లాంటిది అన్నట్టు.

ఈ బ్రాండ్ పాఠం పుట్టింది అమెరికాలో. 1997లో టామ్ పీటర్స్ అనే మేనేజ్‌మెంట్ రచయిత ఫాస్ట్ కంపెనీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. మీరు ఎవరి దగ్గరో పనిచేసే ఉద్యోగులు కారు, మీ పేరుతో ఉన్న కంపెనీకి మీరే సీఈవో అని దాని సారం. వినడానికి బాగుంటుంది. కానీ ఉద్యోగం రాకపోతే? కంపెనీ నీదే కాబట్టి నష్టం కూడా నీదే. సరుకు అమ్ముడుపోలేదంటే ప్యాకింగ్ బాలేదన్నమాట. కొననివాడిని ఎందుకు కొనలేదని ఎవరూ అడగరు. ఇంకో సంగతి. ఇంగ్లీషులో బ్రాండ్ అంటే మొదట్లో కాల్చిన ఇనుముతో పశువుకు పెట్టే వాత, ఏ పశువు ఎవరిదో తెలియడానికి. మన తాతలకు ఆ వాత పెట్టే పని కూడా లేకపోయింది. ఊరికి ఏ దిక్కున ఇల్లుందో చెబితే సరిపోయేది.

సరే, ప్యాకింగే సమస్య అనుకుందాం. ఒకే ప్యాకింగ్‌కి ఒకే ధర పలకాలి కదా? సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ సరిగ్గా ఇదే పరీక్ష పెట్టారు. 2005 అక్టోబర్ నుంచి ఏడాదికి పైగా ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 4,800 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం ఒకటే. మారింది పేరొక్కటే. అగ్రకుల హిందువు పేరు, దళితుడి పేరు, ముస్లిం పేరు. ఫలితాలు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడో వంతు. అంటే ఎవరూ ముఖం చూడకముందే, ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనకముందే వడపోత అయిపోయింది.

అదే ఏడాది అదే పత్రికలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ రాసిన వ్యాసం కూడా దొరికితే చదవండి. ఢిల్లీ చుట్టుపక్కల పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. మాకు మెరిట్ తప్ప కులంతో పనిలేదు అని అందరూ చెప్పేవాళ్ళే. ఆ వెంటనే, ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతామనీ చెప్పారు. మీ నాన్నగారు ఏం చేస్తారు? ఏ ఊరు? ఇంటిపేరు? తెలుగు నేల మీద ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాక ఇక దాచడానికి ఏం మిగులుతుంది? అంబేద్కర్ బొమ్మ క్రాప్ చేసుకున్నావు సరే, నాన్నను ఎక్కడ క్రాప్ చేస్తావు?

ప్రొఫైల్ బలం గురించి మాట్లాడేవాళ్ళు బరోడా గుర్తు చేసుకోవాలి. 1917లో బాబాసాహెబ్ అక్కడ ఉద్యోగంలో చేరేటప్పటికి న్యూయార్క్ కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషి. ఆ రోజుల్లో దేశంలో అంతటి ప్రొఫైల్ ఎంతమందికి ఉంది? ఆయనకు ఆ ఊళ్ళో అద్దెకు గది దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకుని పార్శీల సత్రంలో దిగాల్సి వచ్చింది. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. వెయిటింగ్ ఫర్ ఎ వీసాలో ఆయనే రాసుకున్నారు. పేరు మార్చుకోవడం అనే చిట్కా ఎన్నాళ్ళు పనిచేసిందో లెక్క చూసుకోండి.

ఇప్పుడు ఆ జాయింట్ సెక్రటరీ తమ్ముడి సంగతికి వద్దాం. ఆ పదవిలో వాడు ఏం చేశాడు? స్కాలర్‌షిప్ ఆగిపోతే వందమంది సంతకాలు పెట్టించి సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసు చుట్టూ తిరిగి విడుదల చేయించాడు. మెస్‌లో పురుగుల అన్నం పెడుతుంటే కాంట్రాక్టర్ బిల్లులు ఆర్టీఐలో తీయించాడు. పోలీసు పర్మిషన్ దగ్గర నుంచి మైకు సెట్టు దాకా చూసుకుని సభ నడిపాడు. దీన్నే కదా మీరు లీడర్‌షిప్, నెగోషియేషన్, డేటా, ఈవెంట్ మేనేజ్‌మెంట్ అని నాలుగు బులెట్లు పెట్టేది? అదే ఒక పెద్దింటి పిల్లాడు ఎన్జీవో ఇంటర్న్‌షిప్ పేరుతో రెండు వారాలు మన వాడకు వచ్చి, మన బోరింగు పక్కన నిలబడి ఫొటో దిగితే అది ప్రొఫైల్‌కి కిరీటం. వాడు పద్నాలుగు రోజులు చూసిపోయిన చోట మనం ఇరవై ఏళ్ళు బతికాం. మనం మాత్రం అడ్రస్ దాచుకోవాలి!

రాయి తమ్ముడూ, చేసిన పని చేసినట్టు రాయి. సంఘం పేరు రాయాలా వద్దా అన్నది నీ ఇంటి పరిస్థితి చూసుకుని నువ్వు తేల్చుకో. పనిని మాత్రం వదిలేయకు.

మన కథను కొనేవాళ్ళూ ఉన్నారు, కాకపోతే సగం ముక్కే కొంటారు. కూలీ కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అయ్యాడు అంటే వేల లైకులు. అందులో మాదిగ కూలీ అని రాయి, పొలం గట్టు మీద అన్నం ఎలా పెట్టేవాళ్ళో రాయి, లైకులు ఎటు పోతాయో చూడు. పేదరికం పైకి తెచ్చిందంటే చప్పట్లు. కిందకు తొక్కిందెవరో చెబితే నెగెటివిటీ.

ప్రొఫైల్ పెట్టుకోవద్దని నేను అనడం లేదు. పెట్టుకోండి, ఫొటో శుభ్రంగా దిగండి, కోడ్ రాస్తే గిట్‌హబ్‌లో పెట్టండి. బస్ పాస్ లాంటిది అది, జేబులో ఉండాల్సిందే. దాంతోనే బస్సు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బస్సు ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది రిఫరల్. మా బాబాయి అబ్బాయి అండీ, మనవాడే అండీ అనే ఒక్క ఫోన్ కాల్. ఆ కాల్ ఏ లింక్డిన్‌లోనూ కనపడదు.

పైనుంచి చూసినా ఇదే వరస. దేశంలోని 1,000 పెద్ద కంపెనీల బోర్డు సభ్యుల మీద 2012లో ఈపీడబ్ల్యూలోనే వచ్చిన అధ్యయనం ప్రకారం 90 శాతానికి పైగా అగ్రకులాలవాళ్ళే. ఎస్సీ, ఎస్టీలు కలిపి 4 శాతం కూడా లేరు. వీళ్ళందరూ లింక్డిన్ హెడ్‌లైన్ సరిగ్గా రాసుకోక వెనకబడ్డారా? 2006లో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ మాట రాగానే సీఐఐ, అసోచామ్‌లు చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామన్నాయి. ఆ స్వచ్ఛందం ఫలితం ఈ 4 శాతం.

అందుకే వర్క్‌షాపుకు వెళ్ళినప్పుడు చెయ్యెత్తి అడగండి. మీ దగ్గరకు వచ్చే కంపెనీల్లో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది? రిఫరల్ మీద ఎంతమందిని తీసుకుంటారు? లెక్క ఎందుకు ప్రకటించరు? మాదాపూర్‌లో 1998లో మొదలైన సైబర్ టవర్స్‌లో అప్పట్లో ఏపీఐఐసీ, అంటే ప్రభుత్వం, భాగస్వామిగా ఉండేది. ప్రజల డబ్బు, ప్రజల భూమి మీద లేచిన పరిశ్రమను లెక్క అడగడం అమర్యాద ఎలా అవుతుంది? విద్యార్థి సంఘాలు ప్లేస్‌మెంట్ సెల్‌కు ఇచ్చే వినతిపత్రంలో రెజ్యూమె శిక్షణ కంటే ముందు ఈ ప్రశ్నలు ఉండాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ డిమాండ్ మళ్ళీ రోడ్డెక్కాలి.

ఇక లోపల ఉన్న మనవాళ్ళకు ఒక మాట. గచ్చిబౌలిలో, బెంగళూరులో, డల్లాస్‌లో ఉన్నారు మీరు. బయటపడితే ఏమవుతుందో అనే భయం నాకు తెలుసు, దాన్ని వెక్కిరించను. కానీ రిఫరల్ ఇవ్వడానికి కులం ప్రకటించుకోనక్కరలేదు. మీ కంపెనీలో ఖాళీలుంటే ఈ పోస్టు కింద రాయకండి, నాకు మెసేజ్ పెట్టండి, మీ పేరు ఎక్కడా రాదు. ఫైనలియర్ పిల్లల రెజ్యూమెలు ఇప్పటికి 43 వచ్చాయి. ఆదివారం లోపు పంపితే సోమవారమే పిల్లలకు చేరుస్తాను.