పేరులేని కరపత్రం

ఎన్నికల రోజుల్లో ఉప్పల్ చౌరస్తాలోనూ, నాచారం కార్ఖానాల ప్రహరీగోడల మీదా రాత్రికి రాత్రి పోస్టర్లు వెలవడం కొత్త కాదు. వాటిలో కొన్నింటిమీద అచ్చువేసినవారి పేరుండదు, వేయించినవారి పేరూ ఉండదు. అభ్యర్థి చేసిన పనుల మాట అటుంచి, అతని ఇంటి గుట్టు మాత్రం ఉంటుంది. ఇదంతా చిన్న ఎన్నికల్లో చిల్లర మనుషులు చేసే పని అని, పెద్ద పదవుల దగ్గర ఇటువంటివి సాగవని చాలామంది అనుకుంటారు. 1969లో జరిగిన రాష్ట్రపతి ఎన్నికను ఎరిగినవారు మాత్రం అలా అనరు.

ఆనాడు ప్రధానంగా తలపడిన ఇద్దరూ తెలుగువారే. అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన శ్రీ నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అభ్యర్థి. శ్రీ వి.వి. గిరి స్వతంత్ర అభ్యర్థి. సంజీవరెడ్డి నామినేషన్‌పై సంతకం చేసిన శ్రీమతి ఇందిరాగాంధీయే, తర్వాత అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్నారు. ఆ వేడిలో సంజీవరెడ్డి శీలంపై బురద చల్లుతూ ఒక కరపత్రం ఎం.పి.ల మధ్య తిరిగింది. రాసినవారి పేరు దానిమీద లేదు.

సంజీవరెడ్డిని నిలదీయడానికి విషయాలు లేకపోలేదు. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల కారణంగా 1964లో ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ సంగతి బహిరంగంగా అడిగి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఘాటుగా అడిగినా మర్యాద తప్పినట్లు కాదు, ఎందుకంటే అడిగినవాడు ఎదురుగా ఉంటాడు, అడిగించుకున్నవాడు జవాబు చెప్పుకోగలుగుతాడు. చీకట్లో పంచిన కాగితానికి ఎవరు జవాబు చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

రాష్ట్రపతి ఎన్నికలో జనానికి నేరుగా ఓటు లేదు. ఓటువేసేది ఎం.పి.లు, ఎమ్మెల్యేలు. విప్ ఉండదు, ఓటు రహస్యం. కనుక కొద్దిమంది చెవిలో వేసిన విషం ఊరంతా అరిచిన తిట్టుకంటె బలంగా పనిచేయవచ్చు. 1969లో చివరి లెక్కలో గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్లు వచ్చాయి. తేడా 14,650. అప్పట్లో ఒక్కొక్క ఎం.పి. ఓటు విలువ 576. అంటే పదముగ్గురు ఎం.పి.లు అటునుంచి ఇటు వచ్చి ఉంటే ఫలితమే తారుమారయ్యేది. కరపత్రం చూసి ఎందరు మారారో, అసలు ఒక్కరైనా మారారో తేల్చడం ఎవరి తరమూ కాదు.

వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. రాష్ట్రపతి హోదాలో ఉన్న గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. ఆయన పదవి నిలిచింది. అయితే ఆ కాగితం నీడ మాత్రం ఇద్దరిమీదా పడింది. సంజీవరెడ్డి 1971లో లోక్‌సభకు పోటీచేసి ఓడి, ఇల్లూరులో సేద్యం చేసుకున్నారు. 1977లో నంద్యాల నుంచి గెలిచి, అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. గిరికి మాత్రం అనుమానం తుడుచుకునే అటువంటి అవకాశం రాలేదు. అజ్ఞాత కరపత్రంతో ఎవరికో మేలు చేయబోయినవారు ఆయనకు చేసిన మేలు ఇదీ!

అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల పోస్టరుమీద, కరపత్రం మీద అచ్చువేసినవారి పేరు, వేయించినవారి పేరు, చిరునామాలు ఉండి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షను చెబుతోంది. లేకుంటే ఆరునెలల వరకు జైలు, లేదా 2 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఘట్‌కేసర్ వైపునుంచి నాచారం పనికి వచ్చేవారి చేతిలో అటువంటి కాగితం పడితే, ముందు ఆ పేర్ల కోసం వెతకాలి, లేకపోతే ఎన్నికల అధికారికి అప్పగించాలి. ఇక ఆ 2 వేల జరిమానా ఈనాడు పోస్టర్ల కాగితం ఖర్చుకైనా చాలదు. అది పార్లమెంటు చేసిన చట్టం కాబట్టి, ఉప్పల్ కూడా చేరివున్న మల్కాజిగిరి నియోజకవర్గపు ఎం.పి. ఈ సంగతి సభలో లేవనెత్తవలసి ఉంది.