బిడ్డను తీసుకుపోవద్దు, సాయం తీసుకురండి

బిడ్డతల్లికి మతి చెదిరిందనగానే ఊళ్లో ముందు పుట్టే ప్రశ్న ఒకటే: పిల్లను ఎవరికి అప్పజెబుతారు? ఆ ప్రశ్నే తప్పంటాను. చికిత్సకు ఆస్పత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. బిడ్డకు హాని ఉందని డాక్టరు తాత్కాలికంగా వేరు చేసినా, 15 రోజులకోసారి ఆ నిర్ణయాన్ని సమీక్షించాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు కూడా ఉంది. కానీ ఖమ్మం జిల్లా వేంసూరు మండలంలోని కూలి కుటుంబానికి బెంగళూరు మాట అటుంచి, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వెళ్లిరావడమే తలకు మించిన పని. అందుకే సాయం గడప దగ్గరికి రావాలి. అదేమంత బ్రహ్మవిద్య కాదు. నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే తల్లి ఉంటే, రాత్రిళ్లు బిడ్డను అమ్మమ్మో నాయనమ్మో పక్కలో వేసుకోవాలి. బాలింతను చూడవచ్చిన ఆశా కార్యకర్త, బిడ్డ బరువుతోపాటు తల్లి నిద్ర సంగతీ, మాత్రల సంగతీ అడగాలి. అంగన్‌వాడీలో పెద్దపిల్లకు మధ్యాహ్నం అన్నం దొరుకుతుంది సరే, మిరప కోతలప్పుడు సాయంత్రం దాకా కనిపెట్టుకునే మనిషి కావాలి. జబ్బుతో మంచానపడ్డది తండ్రయినా అంతే: పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు వస్తాయని చెప్పి, దగ్గరుండి దరఖాస్తు పెట్టించాలి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయమందించే టెలి మానస్ 14416 నంబరును పంచాయతీ గోడమీద రాయించాలి. మందులు వాడుకుంటూ, వెనక నలుగురుంటే పిల్లల్ని చక్కగా పెంచుకోగల తల్లిదండ్రులు ఎందరో. ఆ నలుగురిని కూర్చే పూచీ పంచాయతీదీ, పీహెచ్‌సీదీ.