బావిలోని ‘కన్య’ ఎవరి కల్పన?

మెక్సికోలోని యుకటాన్‌లో మాయా ప్రజలు కట్టిన చిచెన్ ఇట్జా నగర శిథిలాలను చూడటానికి ఏటా లక్షలాది మంది వెళ్తారు. గైడు ముందు పిరమిడ్ చూపిస్తాడు, చప్పట్లు కొట్టించి ప్రతిధ్వని వినిపిస్తాడు. ఆ తర్వాత ఉత్తరాన ఉన్న పెద్ద సహజ బావి గట్టు మీదికి తీసుకెళ్తాడు. నదులు లేని ఆ సున్నపురాయి నేలలో నీళ్లంటే ఇలాంటి బావులే. వానలు పడనప్పుడు అందమైన కన్యను నగలతో అలంకరించి ఇందులోకి తోసేవారట! గైడులందరూ ఇలాగే చెప్తారని కాదు, కానీ తరతరాలుగా ఎక్కువగా అమ్ముడుపోయిన కథ ఇదే.

ఎందుకు అమ్ముడుపోతుంది? అందులో ఆడదాని దేహం, దాని ‘పవిత్రత’, దాని చావు మూడూ ఉన్నాయి గనుక.

మాయా గ్రంథాలను 1562లో తగలబెట్టించిన స్పానిష్ మతాధికారి దియేగో దె లాందా కూడా ఈ బావిలో బతికున్న మనుషులను పడేసేవారని రాశాడే తప్ప కన్యల ఊసెత్తలేదు. ఆ కథకు విపరీతంగా ప్రచారం కల్పించినవారిలో ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ ఒకడు. 1904 నుంచి బావిని తోడించి, దొరికిన వస్తువుల్ని హార్వర్డ్ మ్యూజియానికి చేరవేసిన పెద్దమనిషి. బయటపడిన ఎముకలు మాత్రం వేరే మాట చెప్పాయి. వాటిలో పురుషులున్నారు, స్త్రీలున్నారు, చాలామంది చిన్నపిల్లలున్నారు. ఆ బావికి దగ్గరలోనే 1967లో బయటపడిన భూగర్భ తొట్టెలో వందమందికి పైగా పిల్లల అవశేషాలు దొరికాయి. వారిలో 64 మందికి జన్యు పరీక్ష చేసి 2024లో ఫలితాలు ప్రకటించారు. అందరూ మగపిల్లలే! ఎక్కువమంది మూడు నుంచి ఆరేళ్ల లోపువాళ్లు. ఇద్దరిద్దరుగా కవలలు కూడా ఉన్నారు. ఈ పసివాళ్ల చావు గురించి గొంతు తగ్గించి చెప్పే కథ ఎందుకు లేదు?

బలి క్రూరమే. ఆడవాళ్లెవరూ బలి కాలేదని ఎవరూ అనడం లేదు. కానీ ఒక సమాజం మొత్తంలో ఆడదానికి బావిలో పడే పాత్ర ఒక్కటే మిగిల్చే చరిత్రను మనం ఒప్పుకోనక్కర్లేదు.

ఇదే యుకటాన్ ద్వీపకల్పంలోని కోబా నగరాన్ని 7వ శతాబ్దంలో కవీల్ అహావ్ అనే రాణి పాలించింది. కోబా నుంచి చిచెన్ ఇట్జాకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని యాషునా దాకా 100 కిలోమీటర్ల తెల్లరాతి బాట ఉంది. దాన్ని వేయించింది ఆమే కావచ్చునని పరిశోధకులు కొందరు అంటున్నారు. శిలల మీద పొడుగు అంగీలతో ఉన్న బొమ్మలను ఎంతోకాలం మగ పూజారులనే అనుకున్నారు. అవి స్త్రీలవని 1960ల మొదట్లో తేల్చి చెప్పిందీ ఒక స్త్రీయే, తత్యానా ప్రోస్కురియాకాఫ్. టూరు గంటన్నరలో ఈ పేర్లకు చోటుండదు. కన్యకు మాత్రం ఉంటుంది.

అదే దారి పక్కన కుట్టుపని చేసిన జాకెట్లు అమ్ముకునే మాయా స్త్రీలుంటారు. యాత్రికులకు వాళ్లు బేరమాడే మనుషులు మాత్రమే, ఆ నగరం కట్టినవాళ్ల వారసులు కారు.

మనలో ఎవరైనా అక్కడికి వెళ్తే గైడును నిలబెట్టి అడగండి: ఆ కన్య ఎముకలేవి? కోబా రాణి పేరేమిటి?