ఎనిమిది వేలతో పరిశోధనా?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఒకే గైడు దగ్గర ఇద్దరు పీహెచ్‌డీ చేస్తుంటారు. నెట్ పరీక్షతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ఏ ఫెలోషిప్పూ రానివారికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చే నాన్‌నెట్ సాయం 8,000. మెస్ బిల్లు, ఫీల్డు వర్కు, ఇంటికి పంపాల్సిన డబ్బు, అన్నీ అందులోనే.

2015లో యూజీసీ ఆ కాస్తనూ ఎత్తేయబోతే విద్యార్థులు ఢిల్లీలో దాని కార్యాలయం ముందే రోజుల తరబడి బైఠాయించారు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకైతే ఈ నాన్‌నెట్ పథకమే వర్తించదు. ఉస్మానియాలోనో ఆంధ్రాలోనో చేరిన పేద స్కాలర్ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన వేళల్లో థీసిస్ రాసుకోవాలి. ఇంట్లో మొదటిసారి ఇంత చదువుకొచ్చినవాళ్లే ముందుగా మానేస్తారు; ఇది అన్యాయం. నాన్‌నెట్ మొత్తాన్ని జేఆర్‌ఎఫ్‌లో సగానికైనా పెంచాలి. తెలుగు రాష్ట్రాలు తమ విశ్వవిద్యాలయాల్లో ప్రతి పూర్తికాల స్కాలర్‌కూ ఫెలోషిప్ ఇవ్వాలి, అదీ నెలనెలా ఠంచనుగా.