నర్తకి ఒళ్లు, చూసేవారి కళ్లు

నర్తకి శరీరాన్ని తూచే అలవాటు పాతదే. నందికేశ్వరుని ‘అభినయదర్పణం’ నాట్యానికి పనికిరాని పదిమందిని ఏకరువు పెట్టింది. మరీ లావైనవారు, మరీ బక్కచిక్కినవారు, మరీ పొడగరులు, మరీ పొట్టివారు అందులో ఉన్నారు. బక్కదనాన్నీ దోషంగా చూసిన ఆ శాస్త్రం, సన్నదనం ఒక్కటే కోరే బాలే కన్నా కొంత నయం. 2003లో మాస్కో బొల్షోయ్ థియేటర్ బాలే నర్తకి అనస్తాసియా వొలొచ్కోవాను, సాటి నర్తకులు ఎత్తలేనంత బరువుందంటూ, తొలగించింది. ఆమె కోర్టుకెక్కి గెలిచింది. 2010లో ‘నట్‌క్రాకర్’ ఆడిన జెనిఫర్ రింగర్ ఒంటిని న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు ఎగతాళి చేశాడు. ఆమె అప్పటికే తిండికి సంబంధించిన రుగ్మతను జయించి వేదిక మీదికి తిరిగొచ్చిన మనిషి.

ఒళ్లొక్కటే కళను తేల్చదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ నడివయసు దాటాక కూడా సత్యభామగా మెప్పించారు. మగవాడి ఒళ్లే అది. చూపూ, నడకా, జడ విసురూ మాత్రం భామవి.

కురుపాం సవర, జాతాపు గిరిజన గూడేల పండుగ ఆటల్లోనూ, అరకు ధింసా నృత్యంలోనూ ఈ తూకం లేదు. పడుచులూ ముసలివారూ ఒకే వరుసలో అడుగు కలుపుతారు. ఆ ఆటలను ఉత్సవ వేదికలకు ఎక్కించే నిర్వాహకులు సన్నని పిల్లలనే ఏరుకోకుండా ఉండాలి.